కింది గడియ పాట

ఆవిరి అన్న పేరుతో ర్యాప్ పాడే ఒక లాండ్రీ కార్మికురాలిని, ఆమె పాటనే ఆమె నేరాంగీకారంగా చూపించి అరెస్టు చేశారు. లాండ్రీలో మంటలు లేచిన రోజున వెనక గదికి బయటి నుంచి తాళం వేసి, లోపలున్న ఇద్దరు ఆడవాళ్ళ చావుకు కారణమైందన్నది ఆమె మీద మోపిన నేరం. తాళం పడిన వేళకు ఆమె ఆ భవనంలోనే లేదు. పంటిపోటుతో సెలవు పెట్టి, ఇంట్లో తల్లి పక్కన కూర్చుని చెంపకు కాపడం పెట్టుకుంటోంది. ఆ తలుపు దగ్గర ఆమెను చూసినవారు ఒక్కరూ లేరు. తాళంచెవి ఆమె దగ్గర దొరకలేదు. ఉన్నదల్లా ఒక పాట.

పోలీసులు వచ్చేసరికి తల్లి గుమ్మం దగ్గరి వెలుతురులో కూర్చుని చొక్కాలకు కాజాలు కుడుతోంది.

"ఇక్కడ ఆవిరి ఎవరు?" అని ముందున్నవాడు అడిగాడు.

"పొయ్యి మీదుంది. మూత తీసి చూసుకోండి," అంది ఆవిడ, సూది మీంచి కళ్ళెత్తకుండా.

ఆ తరవాతే తలెత్తి యూనిఫారాలను చూసింది. సూది వేలిలో దిగింది. తెల్ల చొక్కా మీద పడి మెల్లగా పెద్దదవుతున్న నెత్తుటి చుక్కను చూస్తూ అలాగే ఉండిపోయింది. కూతుర్ని మెట్లు దింపుతున్న చప్పుడు అడుగంతస్తుకు చేరాక గాని ఆవిడ లేవలేదు. అడుగంతస్తులో, మెట్ల కింది గదిలో ఉండే ముసలాయన ఆ చప్పుడు విని లోపల్నుంచి తలుపు గొళ్ళెం పెట్టుకున్నాడు. ఆ గొళ్ళెం చప్పుడు ఆవిరి విన్నది. తల తిప్పి చూడలేదు. చూస్తే పక్కనున్నవాళ్ళు కూడా చూస్తారని ఆమె భయం.

ఆమె పని గురించి ముందు చెప్పాలి. పాట పుట్టింది అక్కణ్ణుంచే. హోటళ్ళ నుంచీ ఆసుపత్రుల నుంచీ వచ్చిన దుప్పట్లను ఉతికి, ఆరబెట్టి, మడతలు పెట్టి తిరిగి పంపే లాండ్రీ అది. ఆమె ఆవిరి ప్రెస్సు దగ్గర నిలబడేది. తడి దుప్పటి పరచడం, పైపలక దించడం, కాలి కింది మీట నొక్కడం. బుస్సు, బుస్సు, ధన్. మళ్ళీ పరచడం. ఆ లయ ఒంట్లో ఎంతగా ఇంకిపోయిందంటే, ఇంట్లో గిన్నెలు తోముతున్నా మాటలు ఆ లయకే పడేవి. "మామూలుగా మాట్లాడవే తల్లీ, నీతో మాట్లాడుతుంటే నాకు ఒళ్ళంతా చెమటలు పడుతున్నాయి," అని తల్లి విసుక్కునేది. ముంజేతుల మీది కాలిన మచ్చలు చూసి ఆమెకు ఆవిరి అని పేరు పెట్టింది మడతల బల్ల దగ్గర పనిచేసే ఒకావిడ. అందరూ ఆవిణ్ణి మడతలక్క అనేవారు. వెనక గదిలో ఊపిరాడక చనిపోయిన ఇద్దరిలో మడతలక్క ఒకరు. తనకు పేరు పెట్టిన మనిషిని చంపిందన్న నేరం మీదనే ఆవిరిని తీసుకుపోయారు.

వీధి చివర సెలూన్ ఉంది. దాన్ని నడిపే అతను అందరికీ సెలూనన్న. కత్తెర చప్పుడునూ ట్రిమ్మర్ గుర్రునూ షట్టరు కీచునూ ఫోన్లో పట్టి, వాటిని అతికి బీట్లు తయారుచేసేవాడు. ఒకరోజు ఆవిరి ప్రెస్సు చప్పుడు రికార్డు చేసి తెచ్చింది.

"ఇన్నాళ్ళకు నా కత్తెరకు తగిన మొగుడు దొరికాడు చెల్లెమ్మా," అన్నాడు సెలూనన్న.

"మొగుడా, రోజంతా బుసకొడతాడన్నా. ఆలోచించుకో."

"మొగుడన్నాక బుసకొట్టడా."

వాళ్ళ పద్ధతి ఇది. సెలవు రోజు మధ్యాహ్నం షట్టరు సగానికి దించేవారు. అద్దం మీద తువ్వాలు కప్పేవారు. కథ చెప్పుకోదలచినవారు గడ్డం గీసే కుర్చీలో అద్దం వైపు తిరిగి కూర్చునేవారు. మిగతావారంతా వెనక నిలబడేవారు. చెప్పేవారి ముఖం ఎవరికీ కనబడదు, వినేవారి ముఖాలు చెప్పేవారికి కనబడవు. అలా విన్నదాన్ని ఆవిరి పాట కట్టేది. నియమాలు రెండే. కుర్చీలో విన్న కథను పరాయిదానిలా పాడకూడదు, తనదిగానే పాడాలి. "ఎవరికో జరిగిందంటే జనం జాలిపడి ఊరుకుంటారు. నాకు జరిగిందంటే ఉలిక్కిపడతారు," అనేవాడు సెలూనన్న. చెప్పినవారు కళ్ళారా చూసిన వస్తువు ఒక్కటైనా పాటలో ఉండి తీరాలన్నది రెండోది. అది లేని పాట గాలి కబురుతో సమానమని వాళ్ళ లెక్క. కుర్చీ దిగాక ఆ కథ ఎవరిదో పైకి అనకూడదన్న సంగతిని నియమంగా చెప్పుకోవలసిన అవసరం కూడా వాళ్ళకు రాలేదు.

ఈ పద్ధతిలో ఆవిరి ఎన్నెన్ని బతుకులు బతికిందో. గురకపెట్టే మొగుణ్ణి దిండుతో సహా వరండాలోకి ఈడ్చిన పెళ్ళాం ఆమే. నిద్రమత్తులో బస్సును పెట్రోలు బంకులోకి తిప్పి, అక్కడే స్టాపు అని బుకాయించిన డ్రైవరూ ఆమే. పెళ్ళి కాని ఆ పిల్ల పాటల్లో ముగ్గురు మొగుళ్ళను వదిలేసింది, ఒక అత్తగారి పళ్ళసెట్టు దొంగిలించింది. దర్యాప్తు అధికారి ఈ నేరాలను ఎందుకు నమోదు చేయలేదో ఆయన ఇంతవరకూ వివరించలేదు.

ఆ తొలి పాటలు విని వీధి వీధంతా పడీ పడీ నవ్వింది. తరవాత తరవాత కుర్చీలోకి వచ్చే కథలు మారాయి. ఎవరూ మార్చమనలేదు. ఉద్యోగాలు కాంట్రాక్టు కింద పడ్డ ఏడు, కుర్చీలో కూర్చున్నవారు నవ్వించడానికి మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయేవారు. అద్దె కట్టలేక సామాను వీధిలో పడ్డవారి కథలు ఆ వెనకే వచ్చాయి. ఆ తరవాత వీధి మొగల్లో కెమెరాలు వచ్చాయి. ఒక పోస్టు పెట్టినందుకు పక్కవీధి టైలరును తీసుకెళ్ళి, దెబ్బలు కనబడకుండా కొట్టి పంపారు. అప్పట్నుంచీ జనం కుర్చీ ఎక్కే ముందు "ఫోన్లు బయట పెట్టండి," అనడం మొదలుపెట్టారు. ఒకావిడ వచ్చి కూర్చుని, తువ్వాలు కప్పిన అద్దంకేసి చూస్తూ చాలాసేపు ఉండి, ఏమీ చెప్పకుండానే లేచి వెళ్ళిపోయింది. ఆవిరి దాన్నీ పాట చేసింది. అందులో మాటలు లేవు. కత్తెర చప్పుడు, ఎవరిదో ఊపిరి, అంతే. వీధివాళ్ళు ఆ పాట విని ఒకరినొకరు చూసుకోలేదు. ఆ కొద్ది ఏళ్ళలో మన మీద ఏం పడిందో తెలుసుకోవాలనుకునేవారు ఏ కమిషన్ నివేదికనూ తిరగెయ్యనక్కరలేదు. ఆవిరి పాటలు వరసగా వింటే చాలు, నవ్వు ఎక్కడ ఆగిందో చెవులకే తెలుస్తుంది.

లాండ్రీ వెనక గదిలో డ్రయ్యర్లు ఉండేవి. దుప్పట్ల నుంచి రాలే నూలు పొట్టు గోడలకూ గొట్టాలకూ దూదిలా పేరుకునేది. తువ్వాళ్ళు తగ్గుతున్నాయని, పనివాళ్ళు ఒంటికి చుట్టుకుని పట్టుకుపోతున్నారని మేనేజరుకు అనుమానం. పని జరిగే వేళ వెనక తలుపుకు బయటి నుంచి తాళం వేయమని గేటు మనిషికి నోటి మాటగా చెప్పాడు. గేటు మనిషి తాళం వేశాడు. ఆ మధ్యాహ్నం పొట్టుకు నిప్పంటుకుంది. ముందు తలుపు వైపు మంట, వెనక తలుపుకు తాళం. గేటు మనిషి పరుగున వచ్చాడు గాని, కంగారులో తాళంచెవి దారికి రాలేదు. తాళం తీసేసరికి లోపలి కొట్టుడు ఆగిపోయింది.

కార్మికుల అజాగ్రత్త వల్లే ప్రమాదమని యాజమాన్యం ప్రకటించింది. తలుపు సంగతి ఎవరూ ఎత్తలేదు.

ఆ గేటు మనిషి ఆవిరి వాళ్ళ మెట్ల కింది గదిలో ఉండే ముసలాయనే. పెళ్ళాం లేదు, పిల్లలు లేరు. ఆవిరి చిన్నప్పట్నుంచీ ఆయన్ను బాబాయ్ అనే పిలిచేది. ఒక సెలవు రోజు ఆయన సెలూన్‌కు వచ్చాడు. గడ్డం గీయించుకోవడానికనుకుని సెలూనన్న బ్రష్షు తీశాడు. "వద్దు. అద్దం కప్పు," అన్నాడు ఆయన.

కుర్చీలో ఆయన చెప్పింది కొంచెమే. ఆ తలుపుకు కింద ఒక గడియ ఉందని, తుప్పు పట్టి చేత్తో పడేది కాదని, దాన్ని కాలితో తన్ని పడేస్తే గాని పైన తాళం కుదిరేది కాదని, ఆ తన్నిన కాలికి ఇప్పుడు నిద్ర పట్టడం లేదని. కాలికి నిద్ర పట్టకపోవడమేమిటని ఎవరూ అడగలేదు. నేలకు ఆనీ ఆనకుండా ఊగుతున్న ఆ కాలు వెనక నిలబడ్డవారికి కనబడుతూనే ఉంది.

ఆవిరి పాట కట్టింది.

*కాలితో తన్నితే గాని ఆ కింది గడియ పడదు,*
*తన్నాను, పడింది, ఆ కాలికిప్పుడు నిద్ర పట్టదు.*
*తాళానికీ ఓ చెవి ఉంది, ఆ కొట్టుడు దానికి వినపడదు,*
*రెండు చెవులున్న నాకు, అది తప్ప ఇంకేదీ వినపడదు.*
*వెయ్యమన్న నోటికి మాత్రం ఏ గడియా పడదు.*

పాట బయటికి వదలక ముందు ఆయనకు వినిపించారు. ఆయన తల వంచుకుని విన్నాడు.

"అంతా బాగుందమ్మాయ్. ఆ కింది గడియ సంగతి మాత్రం తీసెయ్."

"అదొక్కటే కదా బాబాయ్ పాటంతటికీ ప్రాణం. తీసేస్తే ఎవరు నమ్ముతారు?"

"నమ్ముతారనేగా నా భయం."

ఆమె తీయలేదు. ఆ వాక్యం ప్రెస్సు లయకు ఎంత బాగా పడిందో, దాన్ని వదులుకోవడానికి మనసొప్పలేదు. పద్ధతి ప్రకారం ఆమె చేసింది సబబే. పద్ధతి పుట్టిన రోజులకూ పాట వదిలిన రోజులకూ మధ్య లోకం మారిపోయిందన్నది మాత్రం, ఆ మార్పునంతా పాడిన ఆ పిల్లే మరిచిపోయింది.

పాట ఫోను నుంచి ఫోనుకు పాకింది. మిగిలిన ప్రెస్సుల దగ్గర ఆడవాళ్ళు పెదవులు కదపకుండా దాన్ని పాడుకునేవారు. కొద్దిరోజులకు జుట్టు అప్పుడే కత్తిరించుకున్న మనిషొకడు సెలూన్‌కు వచ్చి మళ్ళీ కత్తిరించమని కూర్చున్నాడు.

"ఏం కత్తిరించను సార్, మిగిలిందేముంది?" అన్నాడు సెలూనన్న.

"ఏదో ఒకటి కానీ. అవునూ, ఇక్కడ అద్దం మీద తువ్వాలు కప్పుతారటగా? ఎందుకూ?"

సెలూనన్న చేతిలో కత్తెర గాలినే కత్తిరిస్తూ ఉండిపోయింది. ఆ ప్రశ్నను గుర్తు పెట్టుకోవాలి. పాడేది ఒకరని, కథ ఇంకొకరిదని పోలీసులకు అరెస్టుకు ముందే తెలుసు. తెలిసే, పాడిన మనిషిని పట్టుకున్నారు.

విచారణ గదిలో దర్యాప్తు అధికారి ఆమెకు కుర్చీ వేయించాడు. మర్యాదగానే మాట్లాడాడు. ఆ మర్యాదకే ఆమె అరికాళ్ళు చల్లబడ్డాయి.

"కింది గడియ ఉందని లాండ్రీలో ప్రెస్సు దగ్గర పనిచేసేవాళ్ళకు తెలిసే వీల్లేదు. ఆ తలుపు వాళ్ళ వైపుది కాదు. తన్నితేనే పడుతుందని నీకెలా తెలుసు?"

"విన్నాను సార్."

"ఎవరు చెప్పారు?"

"పాట కోసం విన్నాను సార్."

"సరే. చెప్పినవాడి పేరు చెప్పు, సాయంత్రానికి మీ అమ్మ చేతి అన్నం తింటావు. చెప్పకపోతే వేసింది నువ్వే. నీ నోటితోనే పాడావుగా."

ఆమె తరఫున వాదించడానికి వచ్చిన వకీలమ్మ కూడా ఆ పేరే అడిగింది, మరో ఉద్దేశంతో. "నాకొక్కదానికి చెప్పు. నీ అనుమతి లేకుండా వాడను."

"చెప్తే నేను ఇంటికెళ్తాను. చెప్పినవాళ్ళెక్కడికి వెళ్తారు మేడమ్?"

వకీలమ్మ కాగితాలు సర్దుకుంది.

తల్లికి అంత ఓపిక లేదు. ములాఖత్ జాలీ అవతల నిలబడి ఊగిపోయింది. "ఏ దౌర్భాగ్యుడే వాడు? నిన్నిక్కడ పడేసి ఇంట్లో తిని కూర్చున్నాడా? పేరు చెప్పు, జుట్టు పట్టి ఈడ్చుకొస్తాను."

"అమ్మా, నెమ్మదిగా."

"నేనెప్పుడు నెమ్మదిగా మాట్లాడానే?"

ఆవిరి భయం పోలీసుల గురించి కాదు, తల్లి గురించీ కాదు. తన గురించే. యంత్రాల హోరులో ఏళ్ళ తరబడి అరుచుకుంటూ పనిచేసిన మనిషి, ఆమెకు నిద్రలో గట్టిగా మాట్లాడే అలవాటు ఉంది. పక్కన పడుకున్న ఖైదీల్లో ఎవరు వింటున్నారో, ఎవరు మోస్తారో తెలియదు. పడుకోబోయే ముందు పైట కొంగు ఉండచుట్టి పళ్ళ మధ్య కరుచుకునేది. మెలకువ వచ్చినప్పుడు కొంగు నోట్లో లేకపోతే ఒళ్ళంతా చెమట పట్టేది. అక్కణ్ణుంచి తెల్లవారిందాకా పక్కవాళ్ళ ముఖాలు చదువుతూ కూర్చునేది.

కోర్టులో ప్రాసిక్యూటరు పాటను కరెంటు బిల్లు చదివినట్టు చదివాడు. వెనక బెంచీల్లో ఎవరో కిసుక్కుమన్నారు. గుమాస్తా తలెత్తి, "మధ్యలో 'బుస్సు బుస్సు' అని ఉంది. రికార్డులో ఎక్కించాలా సార్?" అని అడిగాడు. దాని మీద కాసేపు చర్చ జరిగింది. ఎక్కించనక్కరలేదని తేలింది. నాలుగో వాక్యం దాకా చదివి ప్రాసిక్యూటరు కాగితం కింద పెట్టాడు. అయిదోది ఒకటుందని వకీలమ్మ లేచింది. వెయ్యమన్న నోటి ప్రస్తావన ఉన్న ఆ వాక్యం అభియోగపత్రంలో లేదు. ఎలా జారిపోయిందని అడిగితే, "నేరానికి సంబంధించినంత మేరకే తీసుకున్నాం," అన్నాడు ప్రాసిక్యూటరు.

నాటకంలో హంతకుడి వేషం కట్టినవాణ్ణి తెర దించగానే సంకెళ్ళు వేసి తీసుకుపోరు. తన కథానాయకుడు దొంగ అయినంత మాత్రాన రచయిత ఇల్లు సోదా చేయరు. ఆ వెసులుబాటు సెలూన్‌లో పుట్టిన పాటకు వర్తించదని ఏ చట్టంలో రాసి ఉందో ప్రాసిక్యూటరు చూపించలేదు. అడిగినవారూ లేరు. నేరాంగీకారం ముక్కలు చేసి తీసుకునేది కాదని, తీసుకుంటే మొత్తం తీసుకోవాలని, లేదా మొత్తం వదిలేయాలని చదువుకున్న ప్రతి వకీలుకూ తెలుసు. ఇక్కడ మొత్తం తీసుకుంటే మేనేజరు తగులుతాడు, మొత్తం వదిలేస్తే కేసే ఉండదు. అందుకని నాలుగు వాక్యాల దగ్గర ఆగారు.

ఎట్టకేలకు బెయిలు వచ్చింది, ఒక షరతు మీద. విచారణ ముగిసేదాకా ఆమె ఏ పాటా పాడకూడదు, కట్టకూడదు, ఎవరికీ వినిపించకూడదు.

ఇంటికి వచ్చిన ఆవిరిని వీధి గుర్తుపట్టనట్టే ఉంది. ఎదురైనవాళ్ళు ఫోన్లు చూసుకుంటూ పక్కకు తప్పుకున్నారు. లాండ్రీలో ఆమె ప్రెస్సు దగ్గర ఇంకెవరో నిలబడుతున్నారు. సెలూన్‌లో కుర్చీ గోడవైపు తిరిగి ఉంది, దాని మీద పాత పేపర్ల దొంతర.

"కుర్చీ విరిగిందా అన్నా?"

"విరగలేదు. కూర్చునేవాళ్ళే లేరు. గడ్డాలు కూడా స్టూలు మీదే గీస్తున్నా."

మెట్ల దగ్గర బాబాయ్ ఎదురైతే గోడకేసి తిరిగి నిలబడేవాడు. ఆమె ఆయన్ను దాటి వెళ్ళేది. పలకరిస్తే ఎవరైనా వింటారని ఆమెకు భయం, పలకరించకపోతే ఎవరైనా గమనిస్తారని ఇంకా భయం. ఇన్నాళ్ళూ నోరారా పిలిచిన మనిషిని ఒక్కసారిగా పిలవడం మానేస్తే వేలు పెట్టి చూపించినట్టే కదా. అందుకని రోజూ, "ఏం బాబాయ్, టీ తాగావా?" అనేది. ఆయన గోడకే తల ఊపేవాడు.

ఒక సాయంత్రం ఆయనే మెట్లెక్కి వచ్చాడు. తల్లి కాజాలు కుడుతోంది. ఆయన గడప బయటే ఆగిపోయాడు.

"రేపు స్టేషన్‌కు వెళ్తున్నా అమ్మాయ్. చెప్పేస్తా."

తల్లి చేతిలో సూది ఆగింది. ఆయన్ను చూసింది, కూతుర్ని చూసింది, ఊగుతున్న ఆ కాలిని చూసింది. జుట్టు పట్టి ఈడుస్తానన్న మనిషి లేచి, కుండలోంచి నీళ్ళు ముంచి ఆయన చేతిలో పెట్టింది. "కూర్చో మరిదీ," అంది.

"వద్దు బాబాయ్," అంది ఆవిరి. "నన్నేం చేయలేరు. కేసు నిలబడదని వకీలమ్మ చెప్పింది."

"నిలబడకపోతే నువ్వెందుకే గొంతు తగ్గించి మాట్లాడుతున్నావు?"

ఆమె నిజంగానే గొంతు తగ్గించింది. వద్దని పైకి అంటూనే, వెళ్తే బాగుండునని లోపల ఒక మూల కోరుకుంటోందని ఆమెకు తెలుసు. ఆ కోరిక తన ముఖంలో కనబడిందేమోనని భయపడింది. కనబడే ఉంటుంది. ఆయన నీళ్ళు తాగి, గ్లాసు బోర్లించి, "ఆ పాటలో అయిదో ముక్క బాగుంది తల్లీ. అది చెప్పడానికైనా ఒకడు వెళ్ళాలి," అని మెట్లు దిగాడు.

మరునాడు స్టేషన్‌లో జరిగింది ఆయన నోటితోనే తెలిసింది. దర్యాప్తు అధికారి ఆయన్ను బెంచీ మీద కూర్చోబెట్టి కాగితం తీశాడు. "తాళం వేసింది నేను," అన్నాడు ఆయన. అధికారి పెన్ను మూత తీశాడు. "వెయ్యమన్నది మేనేజరు," అన్నాడు. అధికారి పెన్నుకు మూత పెట్టేశాడు.

"పెద్దవాడివి. ఎండన పడి వచ్చావు. ఆ పిల్ల మీద జాలితో నెత్తిన వేసుకుంటున్నావు. ఈ కేసులో ముద్దాయి ఉంది, పాట ఉంది. ఇంకొకరి అవసరం లేదు."

"నేను చెప్పేది రాసుకోండి సార్."

"రాసుకోవడానికి నువ్వేం చెప్పలేదుగా. ఇంట్లో ఎవరెవరుంటారు?"

"నేనొక్కణ్ణే సార్."

"ఒక్కడివేనా," అన్నాడు అధికారి, తనకు కావలసిన సంగతి అదే అన్నట్టు. టీ తెప్పించి ఇచ్చి పంపించేశాడు.

ఆ మరునాడు బాబాయ్ గేటు దగ్గర స్టూలు వేసుకుని కూర్చున్నాడు. మేనేజరు కారు వచ్చి ఆగింది. అద్దం దిగింది.

"స్టేషన్‌లో టీ బాగుందా?" అన్నాడు మేనేజరు. అద్దం పైకి లేచింది.

ఏ కాగితం మీదికీ ఎక్కని వాంగ్మూలం మేనేజరు చెవికి ఎలా ఎక్కిందో ఆలోచించండి. అప్పట్నుంచీ బాబాయ్ రోజుకో దారిన ఇంటికి వస్తున్నాడు. పాలవాడు కాని మనిషొకడు పొద్దున్నే వచ్చి, మెట్ల కింది గదికి ఇంకో తలుపు ఉందా అని ఆవిరి తల్లిని అడిగాడు. ఆవిడ జీవితంలో మొదటిసారి ఒకరికి ఎదురు జవాబు చెప్పలేకపోయింది. ఇప్పుడు ఆవిడ కాజాలు గుమ్మంలో కుట్టడం లేదు. వెలుతురు సరిపోకపోయినా అడుగంతస్తుకు దిగి, ఆయన గది ముందు మెట్టు మీద కూర్చుని కుడుతోంది. ఆవిరి మెట్ల మలుపులో నిలబడి వీధిని చూస్తూ ఉంటుంది. ఆమెకు పాడే వీలు లేదు. దర్యాప్తు అధికారి గారూ, ఆయన చెప్పింది ఆయనకూ మీకూ మేనేజరుకూ తెలుసు గాని, ఏ కాగితం మీదా నమోదై లేదు. ఆయనకు ఏదైనా జరిగితే, ఆ మాట అసలు అనలేదనడానికి మీకు అడ్డేమీ ఉండదు. ఈ కుటుంబం ఒంటి మీద చెమట ఆరనివ్వని భయం ఇదే.

దర్యాప్తు అధికారికి చెబుతున్నాం. మీ ఎదుట బెంచీ మీద కూర్చుని ఒక మనిషి, తాళం వేసింది తానని, వేయమన్నది ఫలానా మేనేజరని చెప్పాడు. నేరానికి సంబంధించిన సమాచారం అందినప్పుడు దాన్ని నమోదు చేయడం మీ ఇష్టం కాదు, మీ విధి. ఆ పెన్ను మూత మళ్ళీ తీయండి. ఆయన్ను పిలిచి, ఆయన కోరిన వకీలు ఎదుట, ఆయన వాంగ్మూలాన్ని మొదటి మాట నుంచి చివరి మాట దాకా రాసి, చదివి వినిపించి, సంతకం తీసుకుని, నకలు ఆయన చేతికివ్వండి. ఆ సంగతి మేనేజరుకు ఎవరు చేరవేశారో తేల్చి పేరు చెప్పండి. ఆయన గది ముందు కాపలా పెట్టండి. అక్కడిప్పుడు సూదీ దారం పట్టుకున్న ఒక ఆడమనిషి తప్ప ఎవరూ లేరు. ప్రాసిక్యూటరు గారూ, అభియోగపత్రంలో మీరు వదిలేసిన అయిదో వాక్యాన్ని మొదటి నాలుగింటి పక్కన చేర్చండి, లేదా ఆ నాలుగింటినీ కొట్టేసి ఆవిరి మీద కేసు ఎత్తేయండి. మేనేజరు గారూ, మిమ్మల్ని అడిగేది ఒక్కటే, కోర్టులో ప్రమాణం చేసి చెప్పండి: పని జరుగుతుండగా ఆ తలుపుకు తాళం వేయమన్నారా, లేదా?